జానెడు ఎరుపు

మా నాన్న ఓడల బొమ్మలు వేసేవాడు. ఓడంటే ఓడే. సూర్యాస్తమయం కాదు, ఒడ్డున కొంగు పట్టుకుని ఎదురుచూసే ఆడమనిషి అసలే కాదు. కంపెనీవాళ్లు ఫలానా ఓడ కావాలంటే, దాన్ని పక్కనుంచి, ముక్కు దగ్గర మొదలుపెట్టి వెనకదాకా, కిటికీలన్నీ లెక్కపెట్టి, తాళ్లన్నీ లెక్కపెట్టి వేసేవాడు. ఆ బొమ్మలు కంపెనీ హాళ్లలోనూ, రిటైరైన కెప్టెన్ల ముందుగదుల్లోనూ వేలాడేవి. ముప్పై ఏళ్లు ఓడలు వేసిన ఈ మహానుభావుడు జన్మలో ఒక్కసారే ఓడెక్కాడు. అదీ జెట్టీకి కట్టేసి ఉన్న ఓడ. పది నిమిషాల్లో డోకొచ్చి దిగిపోయాడు. ఆ సంగతి ఎవరికీ చెప్పొద్దని నాచేత ఒట్టు వేయించుకున్నాడు కాబట్టి కనిపించినవాళ్లందరికీ చెబుతుంటాను.

సముద్రం మాత్రం నా వంతు. అంతకుముందు అమ్మ వంతు. ఓడా, పొగగొట్టం, జెండా, ఆకాశం నాన్న వేసి, కింద మూరెడు కాన్వాసు ఖాళీగా వదిలేసేవాడు. "ఇక నీళ్లు పొయ్యి" అనేవాడు, అదేదో బకెట్టుతో అయ్యే పనైనట్టు. సంతకం ఆయన ఒక్కడిదే. సముద్రం వైపు ఆయన కన్నెత్తి చూసేవాడు కాదు. పూర్తయిన బొమ్మని చూస్తూ కూడా పైసగమే చూసుకుని మురిసిపోయేవాడు.

ఆ వేసవిలో మా ఇంట్లో ఇంకో మనిషి ఉన్నాడు, మా ఆయన. ఇంజన్లు బాగుచేసే మెకానిక్. ఆయన పనిచేసే షెడ్డు మూతపడ్డాక మేమిద్దరం నాన్న ఇంటి వెనకగదిలోకి వచ్చి పడ్డాం. మా ఆయన మంచివాడు. ఆ మంచితనం చూస్తే నాకు ఒక్కోసారి ఒళ్లు మండేది. నాన్న అన్నం ముందు కూర్చుని "అల్లుడుగారికి ఇంకాస్త వడ్డించమ్మా, పొద్దున్నుంచీ అలిసిపోయాడు" అంటే, అది ఎత్తిపొడుపని తెలిసి కూడా నవ్వి కంచం ముందుకు జరిపేవాడు. నాకు వేరు కాపురం కావాలి. నూనె కంపు లేని రెండు గదులు కావాలి. ఆ వేసవిలో నేను కోరుకున్నది అదొక్కటే.

ఎండలు ముదిరే రోజుల్లో కంపెనీ మేనేజరు మా మెట్లెక్కి వచ్చాడు. ఆయనకన్నా ముందు ఆయన సెంటు ఎక్కి వచ్చింది. మేం ఆయన్ని అత్తరు మేనేజరనేవాళ్లం. నాన్న కుర్చీని తన చొక్కాతోనే తుడిచి వేశాడు.

"మా ఓడలన్నిటిలోకీ పెద్దావిడండీ పెయింటరు గారూ. నలభై ఏళ్లు నిండాయి. మా హాల్లో గోడంతా ఆవిడే ఉండాలి. కొత్త పెళ్లికూతురిలా వెయ్యాలి మీరు."

"మీరు చెప్పాలా అండీ? చూసి మీరే పోల్చుకోలేరు."

ఎవరి బొమ్మని ఎవరూ పోల్చుకోలేకపోతే అది బొమ్మెలా అవుతుందని నేను అడగలేదు. నాకు వేరే పని ఉంది. తలుపు వెనకనుంచి నాన్న వీపు మీద గోకాను, అడగమని. నెల్రోజులుగా ఆయన చెవిలో జోరీగలా పోరుతున్న మాటే అది.

"మా అల్లుడొకడున్నాడండి," అన్నాడు నాన్న, మా ఆయన అక్కడే నిలబడి ఉండగా. "ఇంజను పని వచ్చు. ఇంట్లో ఊరికే తిని కూర్చుంటున్నాడు."

"అదెంత పనండీ! వానలు పడకముందే ఓడ బయల్దేరుతుంది. ఇంజను గదిలో ఎక్కించేద్దాం."

ఆ సాయంత్రం నేను వీధిలో ఇళ్లకి తగిలించిన 'అద్దెకివ్వబడును' బోర్డులు చదువుకుంటూ తిరిగాను.

ఓడ బొమ్మకి మొదటి పని కొలతలు. రేవులో నీటికి ఇవతల జెట్టీ మీద ఒక చెక్క చట్రం నిలబెడతాం. చట్రానికి అడ్డంగా ఒక దారం బిగిస్తాం. ఆ దారానికి సూటిగా కన్ను పెట్టి చూస్తూ, అవతల ఉన్న ఓడ డెక్కు అంచు దారానికి ఎంత ఎత్తున ఉంది, నీటిదగ్గర ఓడ చుట్టూ వేసే ఎర్ర పట్టీ ఎంత కనిపిస్తోంది, పదిచోట్ల కొలిచి పుస్తకంలో రాసుకోవాలి. ఎప్పుడూ నాన్నే చేసేవాడు. ఆ వేసవి ఆయన మోకాలు వాచింది. నన్ను పంపాడు.

మంచి ఓడకి డెక్కు అంచు నడుమ కాస్త దిగి, రెండు కొసలా పైకి లేచి ఉంటుంది, ఉయ్యాలలా. ఈ పెద్దావిడకి అది లేదు. నడుము పైకి లేచింది, ముక్కూ వెనకా కిందికి జారాయి. ఎర్ర పట్టీ కొసల్లో నీటిని తాకుతోంది, నడుమ మాత్రం జానెడు పైకి తేలి ఉంది. దారం వదులైందేమోనని మళ్లీ బిగించాను. పడవలు నడిచి నీరు కదిలిందేమోనని ఆగి చూశాను. నాలుగుసార్లు కొలిచినా జానెడు జానెడుగానే ఉంది.

"నీ చెయ్యి వణికింది," అన్నాడు నాన్న నా అంకెలు చూసి.

"వణికితే ఒకచోట వణుకుతుంది. పదిచోట్లా వరసపెట్టి వణుకుతుందా?"

మర్నాడు కుంటుకుంటూ తనే వచ్చాడు. నేను గొడుగు పట్టాను. గంటసేపు కొలిచి, తన పుస్తకంలో తన చేత్తో రాసుకున్నాడు. "ఊఁ" అన్నాడు. ఇంటికొచ్చి, నలభై ఏళ్ల కిందట ఓడ కట్టినప్పటి ప్లాను పరిచి, కాన్వాసు మీద పెన్సిలుతో ఉయ్యాలలాంటి గీత గీశాడు. ఎంత అందంగా గీశాడో! ఆ చేతిని విరగ్గొట్టాలనిపించింది.

"చూసిందేమిటి నాన్నా, గీసిందేమిటి?"

"గూని వచ్చింది దానికి. అయితే ఏంటట?"

వెన్నులా నిలవాల్సిన ఇనుము అలిసిపోయి ఓడ నడుం దగ్గర లేవడాన్ని రేవులో గూని అంటారు. ఎంత రంగు కొట్టినా అది పోదు. గట్టి కెరటం నడుంకింద దూరి ఎత్తితే ఓడ రెండుగా విరగొచ్చు. విరగకపోవచ్చు కూడా.

"ఎవరికైనా చెప్పవా?"

"ముప్పై ఏళ్లలో గూని ఓడలు పదకొండు చూశాను. మునిగినవి రెండే. మిగతావి బోలెడు తిరిగాయి. వాటన్నిటికీ నిటారుగానే వేశాను. నేనేమైనా డాక్టర్నా? బొమ్మలేసేవాణ్ణి."

"మరి ఆయన్ని దాంట్లో ఎక్కిస్తున్నావే!"

నాన్న పెన్సిలు చెక్కుకుంటూ అన్నాడు, "ఎక్కించమని నా వీపు గోకిందెవరు?"

ఆ మాట నిజం. అందుకని ఆయన్ని ఇంకాస్త అసహ్యించుకున్నాను.

మా ఆయనకి ఆ సాయంత్రమే చెప్పాను. ఆయన పెరట్లో బకెట్టు పిడి బాగుచేస్తున్నాడు. విన్నాడు. ఆయన వినడం చూస్తే ఎవరికైనా ముద్దొస్తుంది, నాకు మాత్రం ఆ సాయంత్రం తన్నాలనిపించింది.

"ఇన్‌స్పెక్టరు ఓడంతా తనిఖీ చేసి సంతకం పెట్టాడుగా," అన్నాడు.

"ఇన్‌స్పెక్టరు ఓడెక్కి టీ తాగి దిగుంటాడు."

"కెప్టెన్ వస్తున్నాడుగా మరి. ఆయనకి మాత్రం ప్రాణం తీపి కాదా? నిజంగా అంత ముప్పుంటే ముందు ఆయనే దిగిపోడూ?"

"మీరు వెళ్లొద్దు."

"వెళ్లమన్నదీ నువ్వే. రెండు గదులు చూసొచ్చానన్నావు. కిటికీకి పరదా ఏ రంగో కూడా చెప్పావు." కోపంగా అనలేదు. బకెట్టు పిడి అటూ ఇటూ ఆడించి చూసి, "చూడు, ఇప్పుడు కిర్రుమనట్లేదు," అన్నాడు.

కెప్టెన్ మాట ఎత్తాడు కాబట్టి నాకు కెప్టెన్ మీద ఆశ పుట్టింది. మేనేజరుకి ఓడకీ ఒంటెకీ తేడా తెలీదు. నాన్నకి తెలిసినా నోరు లేవదు. సముద్రంలో నలభై ఏళ్లు గడిపినవాడు, తన మెడ మీదికి తెచ్చుకుంటాడా? అతనికి చూపించాలి. నేను వెళ్లి చెబితే, బొమ్మలేసేవాడి కూతురు ఓడల సంగతి చెప్పొచ్చిందని మీసాల చాటున నవ్వుతాడు. నా దగ్గర నా మూరెడు సముద్రం ఉంది.

నాన్న ఓడ పూర్తిచేసి నీళ్లు పొయ్యమన్నాడు. ఆయన ఓడ నిటారుగా, నిగనిగలాడుతూ, పాతికేళ్లదానిలా ఉంది. నేను నా పుస్తకం పక్కన పెట్టుకుని, పదిచోట్లా రాసుకున్న అంకెల ప్రకారం నీళ్లు పోశాను. కొసల్లో నీటిని ఎర్ర పట్టీ దాకా తెచ్చాను. నడుమ దించాను. అక్కడ జానెడు ఎరుపు బయటపడింది. కాన్వాసు మీద అది బియ్యపు గింజంత. ఓడల్లో తిరిగినవాడు ఒక్క చూపులో పట్టుకుంటాడు, తిరగనివాడు జన్మలో పట్టుకోలేడు. ఆ సముద్రం నాకు పన్నెండు రోజులు పట్టింది. నేను వేసినవాటిలో అదే మంచిదని ఇప్పటికీ అనుకుంటాను. నాన్న ఎప్పట్లాగే పైసగం చూసుకుని సంతకం పెట్టేశాడు.

బొమ్మ అప్పగించే రోజు కంపెనీ హాల్లో కుర్చీలు వేశారు. బొమ్మని గోడకి ఎక్కించి గుడ్డ కప్పారు. గుడ్డ లాగడానికి ఎవరైనా కావాలంటే మా ఆయన్ని నిలబెట్టారు. అలాంటి పనులకి ఎవరి కన్నయినా ముందు ఆయన మీదే పడుతుంది. గుడ్డ జారగానే అత్తరు మేనేజరు రెండు చేతులూ గుండెకి ఆనించుకున్నాడు.

"అబ్బబ్బ! ఆ నీలం చూడండి, ఆ నీలం!"

మేనేజరు వెనక గుమాస్తాలు కూడా నీలం చూశారు. నీలం బాగుందన్నారు. ఓడకీ నీటికీ మధ్య ఏముందో చూసినవాడు ఒక్కడూ లేడు. నాన్న తలవంచి పొగడ్తలు తీసుకుంటున్నాడు.

కెప్టెన్ మాత్రం లేచి దగ్గరికి వచ్చాడు. కళ్లజోడు పెట్టుకున్నాడు. ముక్కు దగ్గర మొదలుపెట్టి, వేలు కాన్వాసుకి తగలకుండా, ఎర్ర పట్టీ వెంట నడిపించాడు. నడుమకి వచ్చేసరికి వేలు ఆగింది. ఆయన వెనక్కి తిరిగి నాన్నని చూశాడు, తర్వాత నాన్న చూపుని పట్టుకుని నన్ను చూశాడు. అప్పుడు నాన్న కూడా మొదటిసారి కిందిసగం చూశాడు. మొహం సున్నం కొట్టినట్టైంది.

"సముద్రం నువ్వేశావా అమ్మాయ్?" అన్నాడు కెప్టెన్.

"అవునండి. జెట్టీ మీద నిలబడి చూసి వేశాను."

"బాగా చూశావు." కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "ఇదిగో, ఇక్కడ నడుమ కొంచెం బోసిగా ఉంది. ఒక అల పెట్టు. తెల్లగా, నురగతో. బాగుంటుంది."

"చాలా బాగుంటుంది!" అన్నాడు మేనేజరు.

నాన్న అప్పటికే రంగుల పెట్టె తెరిచాడు. సన్న బ్రష్షు నా చేతిలో పెట్టి, వేళ్లు దానిమీద తనే మూశాడు. అందరూ చూస్తున్నారు. ఆ బ్రష్షు విసిరికొట్టి ఉండొచ్చు. పెట్టాను అల. చక్కటి అల, తెల్లగా, నురగతో. అందరూ చప్పట్లు కొట్టారు.

"ఇదే నా ఆఖరి ట్రిప్పు," అన్నాడు కెప్టెన్ నాకొక్కదానికే వినపడేట్టు. "వచ్చాక ఇంట్లో కూర్చుంటాను. ఈ ఒక్కదానికీ గొడవెందుకు?"

మా ఆయనా నేనూ ఇంటికి నడిచి వస్తున్నాం. గుడ్డ ఇంకా ఆయన చంకలోనే ఉంది, ఇచ్చేయడం మర్చిపోయాడు.

"కెప్టెన్ వేలు ఆగడం చూశాను," అన్నాడు. "తెలిసీ ఎక్కుతున్నాడు."

"మరి?"

"నేను వెళ్లను."

డాక్టరు దగ్గర సర్టిఫికెట్ తెచ్చుకున్నాడు, నడుం నొప్పని. ఓడకి ఒప్పుకోని నొప్పి మనిషికి ఒప్పుకున్నారు. ఎందుకు మానేశాడో బయట చెబుదామా అని ఒకసారి అనుకున్నాం. ఇన్‌స్పెక్టరు సంతకం ముందు మన మాట ఎవరు వింటారని ఆయనన్నాడు. పిరికివాడని నలుగురూ నవ్వుతారని నేనన్నాను. పైగా చెబితే నాన్నకి కంపెనీ మళ్లీ బొమ్మ ఇవ్వదు, మేం తింటున్నది ఆ బొమ్మలమీదే. ఇవన్నీ పెరట్లో కూర్చుని పావుగంటలో తేల్చేశాం. ఆ తర్వాత వంకాయలు తరుక్కున్నాను.

మా ఆయన చోటులోకి ఇంకో మెకానిక్‌ని తీసుకున్నారు. పొడుగ్గా ఉంటాడు, ఎప్పుడూ పళ్లన్నీ కనపడేలా నవ్వుతుంటాడు. ఓడ బయల్దేరడానికి మూడు రోజుల ముందు అతని భార్య మా ఇంటికి వచ్చింది. బట్టలు కుడుతుంది. రంగులంటకుండా వేసుకోమని నాకొక జేబుల గుడ్డ కుట్టి తెచ్చింది, మెడకి తగిలించుకునేది.

"మీవారికి నడుం నొప్పి రావడం మా అదృష్టమండీ," అని నాలిక్కరుచుకుంది. "అయ్యో, అలా కాదండీ. ఆయన తొందరగా కోలుకోవాలి. మావారు ఎనిమిది నెలలనుంచీ తిరుగుతున్నారు పనికోసం. మీవల్ల దొరికింది."

కుర్చీ వేశాను. కూర్చుంది. గంటసేపు మాట్లాడింది. వాళ్లూ రెండు గదుల ఇల్లు చూసుకున్నారట. మాట్లాడుతున్నంతసేపూ నాకు ఆమె మీద చిరాకే. ఇంత సంబరమేమిటి, కాస్త లోకజ్ఞానం ఉండొద్దూ, ముసలి ఓడని తెలిసి కూడా అడగదే! ఒక్కసారి అడిగితే చెప్పేద్దామనుకున్నాను. "ఓడ మంచిదేనా అండీ?" అని అడుగుతుందేమోనని చూశాను. ఆమె అడగలేదు. నేను వీధి చివరిదాకా సాగనంపి వచ్చాను.

ఓడ వెళ్లిన పంతొమ్మిదో రోజున విరిగింది. పెద్ద తుఫానేం కాదు, మామూలు గాలే. నడుం దగ్గర రెండుగా విరిగి, వెనక భాగం ముందు పోయిందట. ఇరవై ఇద్దరు. ఒక చిన్న పడవ దొరికింది, అందులో ఎవరూ లేరు. నాన్న ఆ రోజు అన్నం తినలేదు. మర్నాడు తిన్నాడు.

వానలు మొదలయ్యాక ఎంక్వైరీ పెట్టారు, అదే కంపెనీ హాల్లో. గోడమీద బొమ్మ అలాగే ఉంది. ముందు బెంచీల్లో పోయినవాళ్ల తాలూకు వాళ్లు. పొడుగు మెకానిక్ భార్య మొదటి బెంచీలో గోడవారగా కూర్చుంది. అత్తరు మేనేజరు ఆ రోజు సెంటు కొట్టుకోలేదు. ఓడ దృఢంగా ఉండేదని, ఇన్‌స్పెక్టరు సంతకం ఉందని, కెరటం మన చేతిలోది కాదని చెప్పాడు. తర్వాత ఎంక్వైరీ ఆఫీసరు నాన్నని పిలిచాడు.

"ఈ ఓడని మీరు దగ్గరగా చూశారు కదా. వంపేమైనా కనిపించిందా?"

"లేదండి. నిటారుగా ఉండేది. బొమ్మ ఉందిగా, చూడండి. ముప్పై ఏళ్లుగా వేస్తున్నాను, ఉన్నది ఉన్నట్టు వేస్తాను."

ఆ 'ఉన్నది ఉన్నట్టు' నేను ఓర్చుకోలేకపోయాను. లేచాను. మా ఆయన వెనకనుంచి నా చెయ్యి పట్టుకోబోయాడు, విదిలించుకున్నాను. నా సంచిలో రెండు పుస్తకాలూ ఉన్నాయి, నాదీ, నాన్న పెట్టెలోంచి తీసిన ఆయనదీ. రెండూ ఆఫీసరు బల్లమీద పెట్టాను. పదిచోట్ల కొలతలు చదివి వినిపించాను. గూని అంటే ఏమిటో చెప్పాను. గోడ దగ్గరికి వెళ్లి, గోటితో ఆ నురగని గీరేశాను. అడుగున ఎరుపు కనిపించింది. ఇది కెప్టెన్ చూశాడు, పెట్టమంటే అల పెట్టాను, మేనేజరు గారు చాలా బాగుంటుందన్నారు, మా నాన్న బ్రష్షు అందించాడు. హాల్లో ఉన్నవాళ్లని ఒక్కొక్కర్నీ వేలుపెట్టి చూపించాను. నాన్న బొమ్మ కింద కుర్చీలో ముడుచుకుపోయాడు. నిజం చెప్పాలంటే నాకు చాలా హాయిగా ఉంది. ఆ వేసవంతా నేను మోసిన అసహ్యం ఎవరి వాటా వాళ్లకి పంచేస్తున్నట్టుంది.

ఆఫీసరు చిన్నవయసువాడు, మర్యాదస్తుడు. నేను చెప్పిందంతా రాసుకున్నాడు.

"ఇది మీకు ఎప్పుడు తెలిసిందమ్మా?"

"ఓడ బయల్దేరడానికి నెలన్నర ముందే తెలుసండి."

"అప్పుడు ఎవరికైనా చెప్పారా?"

"చెప్పానండి. మా నాన్నకి చెప్పాను. మా ఆయనకి చెప్పాను."

"మీవారు ఏం చేస్తారు?"

"మెకానిక్ అండి. ఆ ఓడలోనే వెళ్లాల్సింది. వెళ్లలేదు."

ఆఫీసరు కలం ఆపాడు. కాగితం తిప్పి, పోయినవాళ్ల పేర్ల జాబితాలో ఏదో చూసుకుని మళ్లీ తలెత్తాడు.

"ఇంకెవరికి చెప్పారమ్మా?"

రాసుకోవడానికి ఎదురుచూస్తున్నాడు. బెంచీలన్నీ ఎదురుచూస్తున్నాయి. నేను తరుక్కున్న వంకాయలు తప్ప నాకేమీ గుర్తుకు రాలేదు.

"ఎవరికీ చెప్పలేదండి."

మొదటి బెంచీలో పొడుగు మెకానిక్ భార్య కదిలింది. నన్ను తిట్టిపోస్తుందనుకున్నాను, తిడితే బాగుండుననుకున్నాను. ఆమె నావైపు చూడనే లేదు. మెల్లగా వెనక్కి తిరిగి, ఆఖరి బెంచీలో కూర్చున్న మా ఆయన్ని పైనుంచి కిందిదాకా చూసింది.